పెన్నేరు గడ్డ నిద్ర పట్టించవచ్చును, అప్పు తీర్చజాలదు



ఈ మధ్య మన షోలాపురములో ఏ నేత యింటికి పోయినను గూటిలో ఒక పొడి పొట్లము కనుపించుచున్నది. కొందరి యింట పెన్నేరు గడ్డ, అనగా అశ్వగంధ చూర్ణము. కొందరి యింట సరస్వతి ఆకు పొడి. మరికొందరి యింట పేరు లేని సీసా. “ఇది దేనికి?” అని అడిగినచో అందరిదియు ఒకటే జవాబు: “మనాదికి.” రాత్రి నిద్ర లేకపోవుట, పగలు గుండె దడ, పిల్లలు పిలిచినను విసుగు, కంచము ముందు కూర్చున్నను నూలు లెక్కలే గుర్తు వచ్చుట, ఇదియే మన మనాది. డాక్టర్లు దీనినే దీర్ఘకాలపు మానసిక ఒత్తిడి అనుచున్నారు.

నేను వైద్యుడను కాను. 40 ఏండ్లుగా సాంచాల వద్ద నిలబడినవాడను. మూలికలను ఎగతాళి చేయుటకు గాని, ఆకాశమునకు ఎత్తుటకు గాని ఈ నాలుగు మాటలు వ్రాయుట లేదు. వానివలన ఎంత మేలు కలదో, ఎక్కడ ఆగవలెనో మనవారికి తెలియవలెనని నా తలంపు.

పెన్నేరు గడ్డలో గుణము లేదనుట తప్పు. ఆయుర్వేదములో దానికి పెద్ద స్థానము కలదు. ఇటీవలి కాలమున శాస్త్రజ్ఞులు మనుష్యులకు ఇచ్చి పరీక్షించిరి. ఆ వేరు సారమును దినమునకు 300 మొదలు 600 మిల్లీగ్రాముల వరకు, సుమారు రెండు నెలలు వాడినవారిలో ఆందోళన కొంత తగ్గి, నిద్ర కొంత మెరుగైనదని ఆ పరీక్షలు పలికినవి. కాని అవి చిన్న పరీక్షలు, కొద్ది వారములవి. మూడు నెలలకు మించి వాడినచో ఏమగునో చెప్పుటకు తగిన ఆధారము లేదు. మనవారు ఏండ్ల తరబడి మ్రింగుచున్నారు!

వేరులో మేలుచేయు బలమున్నచో, ఆ బలమే చెరుపును కూడ చేయగలదు. సర్పగంధి కథ వినుడు. 1931లో కలకత్తా వైద్యులు ఆ వేరు రక్తపోటుకు, మతిచాంచల్యమునకు పనిచేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగులపై దాని ఫలితములను వెల్లడింపగా ప్రపంచమంతయు చెవియొగ్గినది. 1952లో స్విట్జర్లాండులో దానినుండి రిసర్పిన్ అను మందును తీసిరి. కొంతకాలమునకు, ఆ మందు వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో పడుచున్నారని వైద్యులు కనుగొనిరి. నేడు దానిని అరుదుగా మాత్రమే వాడుచున్నారు. దిగులు పోవుటకు తెచ్చుకొను వేరే దిగులు తెచ్చిన, దానిని ఇంటిలో తూకము లేక వాడుట ఎంత ప్రమాదమో మీరే ఆలోచింపుడు.

పెన్నేరు విషయములోను జాగ్రత్తలు కలవు. గర్భిణీ స్త్రీలు వాడరాదు. థైరాయిడు, చక్కెర వ్యాధి, రక్తపోటు, నిద్రమాత్రలు, వీనిలో ఏ మందు వాడుచున్నవారైనను డాక్టరును అడుగక ముట్టరాదు. అరుదుగా కాలేయము దెబ్బతినినవారును కలరు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగుగా వచ్చినను వెంటనే ఆపి ఆసుపత్రికి పోవలెను. వేరు బదులు ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో హెచ్చరించినది. కొనునప్పుడు పొట్లముపై లైసెన్సు నంబరు, తయారైన తేది చూడుడు. రక్తపోటు నయము చేయుదుమని మందులకు ప్రకటనలిచ్చుట 1954 నాటి చట్టము ప్రకారము నేరము. అట్టి ప్రకటన చూచినప్పుడే అమ్మువాడు ఎట్టివాడో తెలిసికొనవచ్చును.

ఇదంతయు వ్రాయుటకు కారణము మా యింటిలోనే కలదు. నా పినతండ్రి కుమారుడు రక్తపోటు మాత్రలు మాని, వీధిలో అమ్ముకొను ఒకని పొడిని నమ్మెను. “ఇంగ్లీషు మందులు జీవితాంతము మ్రింగవలెను తమ్ముడా, ఇది మూడు నెలలతో సరి” అని నాతోనే చెప్పెను. నాలుగవ నెలలో రాత్రి పాళీలో సాంచా ప్రక్కనే కూలిపోయెను. ప్రాణము దక్కినది, కుడిచేయి దక్కలేదు. తెగిన పోగును కన్ను మూసి తెరచులోగా ముడివేసిన చేయి అది. నేడు ఆ చేయి అన్నము ముద్దకూడ పట్టలేకున్నది. ఆసుపత్రిలో ఉండగా ఇంటికి నూలు సావుకారు మనిషి వచ్చెను. అప్పుడుగాని వదినెకు అప్పు సంగతి తెలియలేదు. రెండేండ్లు అన్న ఆ మాటను గుండెలో దాచుకొని, పైన పొడి మ్రింగుచుండెను.

నేతవారికి వేరే చెప్పనక్కరలేదు. గంజి పెట్టినచో నూలుకు బలము వచ్చును. కాని తెగిన పోగు గంజితో అతుకదు, ముడివేయవలెను. మూలిక మన గంజి. మజూరి పెరుగక, నూలు ధర పెరుగుట, 90 డెసిబెల్సు దాటిన సాంచాల చప్పుడులో పన్నెండు గంటలు నిలుచుట, పాళీలు మారి నిద్ర చెడుట, ఇంటిలో ఆడవారు బీడీలు చుట్టుచు నడుము విరుగగొట్టుకొనుట, ఎవరికిని చెప్పుకొనలేని అప్పు, ఇవియే తెగిన పోగులు.

“మన పెద్దలు ఆకులు వేళ్లతోనే బ్రతికిరి గదా” అని కొందరు అందురు. నిజమే. కాని వారు చీకటి పడగానే మగ్గపు గుంటలోనుండి లేచిరి. పండుగకు మగ్గము ఆపిరి. కష్టము వచ్చినచో కులపెద్దల ముందు కూర్చుండిరి. మనము ఆ వేరును మాత్రము ఉంచుకొని మిగిలినదంతయు విడిచిపెట్టితిమి.

కావున మన సంఘమునకు నా మనవి మూడు విషయములు. ఒకటి, నెలకొకసారి సంఘపు హాలులో రక్తపోటు, చక్కెర పరీక్షలు జరిపించవలెను. రెండు, అప్పు బాధ చెప్పుకొనుటకు ఇద్దరు నమ్మకమైన పెద్దలను నియమించి, విన్న మాట గడప దాటదని హామీ ఇవ్వవలెను. మూడు, వారపు సెలవు నాడు ఏ షెడ్డులోను సాంచా తిరుగకుండునట్లు యజమానులతో ఒప్పందము చేయవలెను. మనసు మరీ కృంగినవారు ప్రభుత్వపు టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చును. 2022 నుండి రాత్రింబగళ్లు నడుచుచున్న ఆ సేవ ఉచితము, తెలుగులోను మాటలాడుదురు.

అన్నలారా, డాక్టరును అడిగి పెన్నేరు పాలలో కలుపుకొని త్రాగుడు, కాదనను. కాని ఆ గ్లాసు పట్టుకొనిన రాత్రియే ఇంటి ఇల్లాలికి అప్పు ఎంతయో చెప్పుడు. ఆమె చేతనున్న ముడి ఏ పొట్లములోను దొరకదు.

ఇట్లు,
ఒక నేత కార్మికుడు, షోలాపురము