పసికందు పరీక్షకు ఆలస్యం తగదు

హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ వ్యాధి సోకి తీరుతుందన్న అపోహ మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఇది నిజం కాదు. ఏ చికిత్సా లేకపోయినా నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకే సోకుతుంది. తల్లి గర్భంతో ఉన్నప్పటి నుంచే మందులు వాడితే ఆ సంఖ్య 5 లోపుకు దిగుతుంది.

సోకిన పిల్లల విషయంలో మాత్రం ఆలస్యం ప్రాణం తీస్తుంది. చికిత్స అందకపోతే వారిలో దాదాపు సగం మంది రెండేళ్లు నిండకముందే కన్నుమూస్తారు. మూడు నుంచి ఆరు నెలల వయసులో వచ్చే ఒక రకం న్యుమోనియా మరీ ప్రమాదకరం. మామూలు రక్తపరీక్షలో 18 నెలల వరకు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలే కనిపించవచ్చు. అందుకే ఆరు వారాలకే వైరస్‌ను నేరుగా గుర్తించే పరీక్ష చేయించాలి. తల్లిపాలు మాన్పించాక మళ్లీ చేయించాలి. 2008లో వెలువడిన దక్షిణాఫ్రికా పరిశోధనలో, తొలి వారాల్లోనే చికిత్స మొదలుపెట్టిన పిల్లల్లో మరణాలు నాలుగింట మూడు వంతులు తగ్గాయి.

ఈ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అయినా తల్లులను వెనక్కి లాగుతున్నది నలుగురూ ఏమంటారోనన్న భయం. భర్త నుంచి సోకిన వ్యాధికి సైతం నింద మోసేది భార్యే. అనుమతి లేకుండా ఒకరి హెచ్.ఐ.వి. సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. ఇంట్లో ఆ గుట్టు కాపాడవలసినవారు అత్తమామలు, ఆడబిడ్డలు. మొహల్లా పెద్దలు కూడా ఈ విషయంలో నోరు విప్పి ధైర్యం చెప్పాలి. కోడలిని నిలదీయడం మాని, బిడ్డను ఎత్తుకొని ఆమె వెంట ఆసుపత్రికి నడవండి. మేము కోరేది ఇంతే.