పాత ల్యాప్‌టాప్‌కూ చోటుండాలి
ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లో రౌటర్ కొనబోయేవాళ్లకు నా సలహా ఒకటే: పెట్టె మీది వేగం అంకెల కన్నా ముందు ఇంట్లోని అన్నిటికన్నా పాత ల్యాప్‌టాప్‌ను చూడండి. పదేళ్ల కిందటి చవక రకాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే అందుకుంటాయి. కొత్తవాటికి 5 గిగాహెర్ట్జ్ ఉంటేనే వేగం. రెండూ ఇచ్చే డ్యూయల్ బ్యాండ్ వైఫై 6 రౌటర్ మామూలు ఇంటికి చాలు, వైఫై 7కు తొందరేమీ లేదు. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. నోయిడా, గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగు రౌటర్లన్నీ వాటి మీదే పడతాయి. అందుకే రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టి, 2.4ను పాతదానికి వదిలేయాలి. భద్రత సెట్టింగుల్లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత యంత్రం కనెక్టే కాకపోవచ్చు; డబ్ల్యూపీఏ2 కూడా కలిసిన పద్ధతి ఎంచుకోవాలి. ఇంకో సంగతి, కొన్ని పాత ఇంటెల్ కార్డులకు డ్రైవర్ అప్‌డేట్ చేసేదాకా వైఫై 6 నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు. ఇది తెలియక బాగా పనిచేసే ల్యాప్‌టాప్‌ను పాత సామాన్లకు వేసేస్తే ఎంత నష్టం! ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఇరుకు గది తీసుకుని సివిల్స్‌కు చదివే మన పిల్లలకు అన్న వాడి ఇచ్చిన ల్యాప్‌టాపే పెద్ద ఆసరా. దాని మోడల్ నంబరు రాసుకునే బజారుకు వెళ్లండి, కనెక్ట్ కాకపోతే రౌటర్ మార్చిస్తారా అని డబ్బు కట్టేముందే అడగండి.