తిరుపతి పెళ్లికి మిస్సోరి తీర్పు

పెళ్లి ఒక దేశంలో జరిగి, విడాకులు మరో దేశంలో మంజూరైతే ఏ కోర్టు విచారించాలి, ఎవరి చట్టం ప్రకారం తేల్చాలి, ఆ తీర్పు సరిహద్దు దాటి చెల్లుతుందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతికేదే ప్రైవేటు అంతర్జాతీయ చట్టం. పేరులో అంతర్జాతీయం ఉన్నా, ప్రధానంగా ఏ దేశానికా దేశం తన కోర్టుల కోసం రాసుకోవలసిన చట్టమిది. కుటుంబ వివాదాల విషయంలో మనం ఆ పని చేయలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్‌తో, న్యాయమూర్తులు చెప్పిన సూత్రాలతో నెట్టుకొస్తున్నాం.

ఆ సూత్రాల్లో ముఖ్యమైనది మన గడప నుంచే పుట్టింది. 1975లో తిరుపతిలో హిందూ వివాహం చేసుకున్న భర్త, అమెరికాలోని మిస్సోరిలో 90 రోజుల నివాసం చూపించి, కాపురం ఇక నిలబడదన్న కారణంతో 1980లో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. ఆ కోర్టుకు అధికారం లేదని భార్య నిరసన తెలుపుతూ జవాబు పంపిందే తప్ప విచారణకు వెళ్లలేదు. 1981లో అతను యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని గుర్తించలేదు. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టంలోని కారణాలపైనే విడాకులివ్వాలని తేల్చింది. అవతలివారు స్వచ్ఛందంగా ఆ కోర్టుకు లోబడినా, సమ్మతించినా మినహాయింపు ఉంటుందని కూడా చెప్పింది.

అక్కడ విడాకులు, ఇక్కడ దాంపత్యం అన్న కుంటి స్థితి దీనివల్ల వస్తుందని, పరదేశపు కోర్టును గౌరవించాలి కదా అని కొందరంటారు. ఆ చిక్కు నిజమే. కానీ సముద్రం దాటి వెళ్లి వాదించుకోలేని మనిషిపై ఏకపక్షంగా వచ్చిన డిక్రీని కళ్లకద్దుకోవడం గౌరవం కాదు, అన్యాయం. ఇందులో నాకు సందేహం లేదు.

అయితే సుప్రీంకోర్టు తీర్పు డాలు మాత్రమే. అమెరికా కోర్టులో భార్యే గెలిచి సొమ్ము డిక్రీ తెచ్చుకున్నా, భర్తకు గుంటూరులో ఉన్న పొలం మీద దాన్ని నేరుగా అమలు చేయించడం కుదరదు. విదేశీ డిక్రీలను ఇక్కడ నేరుగా అమలు చేయించుకునే వీలిచ్చే సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద బ్రిటన్, సింగపూర్ ఉన్నాయి, 2020లో యూఏఈ చేరింది, అమెరికా లేదు. కాబట్టి ఇక్కడ మళ్లీ దావా వేయాలి. ఒక దేశం నుంచి అక్రమంగా తీసుకెళ్లిన బిడ్డలను తిరిగి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలోనూ మనం చేరలేదు. ప్రవాస వివాహాలకు ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2009లో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. అమెరికా సంబంధాలు ఇంటింటా కుదిరే తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆ చట్టం కోసం పార్లమెంటులో పట్టుబట్టాలి.