కాలువ పక్క ఇల్లు

పంజాగుట్టలో పది రోజులకని ఓ ఇల్లు అద్దెకు తీసుకున్నాను. తెల్లటి గోడలు, ఇత్తడి బిందెలో ఒకే ఒక్క ఎండుకొమ్మ! చూడముచ్చటే. “దండెం ఏదత్తా? మా అమీర్‌పేట హాస్టల్లోనే నయం” అంది చూడవచ్చిన మేనకోడలు.

“ఎంత నిశ్శబ్దమో చూడండమ్మా” అని మురిశాడు ఇంటాయన. వెనక కిటికీకి మేకులు కొట్టేస్తే నిశ్శబ్దం కాక ఇంకేముంటుంది? అవతల బల్కాపూర్ నాలా మరి!

1562లో కట్టిన హుస్సేన్‌సాగర్‌కి మూసీ నీళ్లు తెచ్చిపోసిన కాలువండీ అది. ఇప్పుడు మన వంటిళ్ల కడుగునీళ్లు, అంతకన్నా చెప్పుకోలేనివీ మోస్తోంది. ఆమ్‌స్టర్‌డామ్ వెళ్తే కాలువగట్టు గదికి వేలు పోసి, కిటికీ తెరిచి ఫోటోలు దిగుతాం. ఇక్కడ అదే కిటికీ మూసేసి, ఎండుకొమ్మ పెట్టి, అభిరుచి అంటున్నాం!

నేను మేకులు పీకించాను. ఇంటాయనకి కోపం వచ్చింది. రానివ్వండి. ఆ వాసన ఆయన దాకా కూడా రావాలిగా!