జుట్టుకు నొప్పి తెలియదు



పోయిన నెల ల్యాబ్ పీరియడ్ ఉన్న రోజు, ఎనిమిదో తరగతి పాప డైరీలో వాళ్లమ్మగారు ఇలా రాసి పంపారు: "మేడమ్, బస్సు 7.20కే వచ్చేస్తుంది. జడ వేసి పైకి మడిచి కట్టేంత టైం ఉండటం లేదు. పోనీటెయిల్ సరిపోదా? అయినా ఈ రూల్ ఆడపిల్లలకేనా?"

రెండూ న్యాయమైన ప్రశ్నలే. డైరీలో రెండు లైన్లు రాసి సంతకం పెట్టేస్తే సరిపోదనిపించి, ఈ నెల ఈ పేజీ అడిగి తీసుకున్నాను.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. బీఈడీ అయ్యాక టీచరుగా చేరిన మొదటి ఏడాది, వేరే ఊళ్లో, వేరే స్కూల్లో పనిచేసేదాన్ని. ఒకరోజు స్పిరిట్ ల్యాంప్ మీద పరీక్షనాళిక వేడి చేసి చూపిస్తున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. స్పిరిట్ మంట లేత నీలం రంగులో ఉంటుంది, ఎండలో దాదాపు కనిపించదు. బాగా చూద్దామని ఒక పాప ముందుకు వంగింది. పోనీటెయిల్ భుజం మీంచి జారి మంట మీద పడింది. చర్రుమని చిన్న శబ్దం, వెంటనే ఆ వాసన. ఎదురుగా ఉన్న అమ్మాయి కేక వేసింది. నేను చేతిలో ఉన్న బీకరులోని నీళ్లు ఆ పాప మీద కుమ్మరించాను. తడిసిన మొహంతో ఆ పిల్ల అడిగిన మాట నాకింకా గుర్తుంది: "ఏమైంది మిస్?"

తన జుట్టు అంటుకుందని తనకే తెలియలేదు.

చర్మానికి ఏమీ కాలేదు, నాలుగంగుళాల జుట్టు పోయిందంతే. అసలు నష్టం తర్వాత జరిగింది. పేరెంట్స్ మీటింగ్‌కు వాళ్ల నాయనమ్మ కూడా వచ్చారు. ఆడపిల్ల జుట్టు కాలడం అరిష్టమని, పిల్లకు అగ్నిగండం ఉందని, ఇక ల్యాబ్‌కు పంపవద్దని చెప్పారు. మిగిలిన ఏడాదంతా ప్రాక్టికల్ పీరియడ్‌లో ఆ పాప లైబ్రరీలో కూర్చుంది. ఆ క్లాసులో చెయ్యి వణక్కుండా ద్రావణాలు కొలిచే పిల్ల తనే. గండం ఆ పిల్ల జాతకంలో లేదు. నలభై మందిని రెండు స్పిరిట్ ల్యాంపుల చుట్టూ నిలబెట్టి, ఎవరి తల ఎలా ఉందో చూడకుండా అగ్గిపుల్ల గీసింది నేను. ఆ మాట ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

ఇక సైన్సుకు వద్దాం. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. అందులో నైట్రోజన్, సల్ఫర్ ఉంటాయి. కాలినప్పుడు వచ్చే ఘాటైన వాసనకు ప్రధాన కారణం ఆ సల్ఫరే. పట్టు చీర అసలుదో కాదో తేల్చడానికి ఒక పోగు లాగి కాల్చి వాసన చూడటం మీలో చాలామందికి తెలిసిందే. పట్టు కూడా ప్రొటీనే కాబట్టి కాలిన జుట్టు వాసన వస్తుంది. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది.

క్లాసులో నేను దువ్వెనకు వచ్చిన ఒక వెంట్రుకను పట్టకారుతో పట్టుకుని మంటకు చూపిస్తాను. అది ముడుచుకుపోయి, చివర నల్లటి పూస కట్టి, మంట నుంచి తీయగానే ఆరిపోతుంది. గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతమే. ఉన్ని, వెంట్రుక లాంటివి నిలకడగా మండటానికి మామూలుగా అది చాలదు. "మరి భయం దేనికి మిస్?" అని పిల్లలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్న అదే.

తల మీద ఉండేది ఒక్క వెంట్రుక కాదు, సుమారు లక్ష. విరబోసుకుంటే వాటి మధ్య అంతా గాలే. ఒక వెంట్రుక వేడి పక్కదాన్ని ముట్టిస్తుంది. వేడి వాయువులు పైకి పోతాయి, జుట్టేమో కిందికి వేలాడుతుంది. కొసన అంటుకున్న మంట మొహం వైపే పాకుతుంది. అదే జుట్టును గట్టిగా జడ వేస్తే లోపలికి గాలి దూరదు. పైకి మడిచి కడితే మంట దాకా రాదు. రూల్ వెనక ఉన్న సంగతి ఇంతే.

ఇంకో మాట. తల బయట కనిపించే వెంట్రుకలో ప్రాణం ఉన్న కణాలు ఉండవు, నరాలు ఉండవు. అందుకే కత్తిరిస్తే నొప్పి పుట్టదు, కాలినా నొప్పి పుట్టదు. వేడి చర్మాన్ని తాకేదాకా మనకు కబురు అందదు. 1984 జనవరి 27న లాస్ ఏంజెలిస్‌లో ఒక కూల్‌డ్రింక్ ప్రకటన షూటింగ్‌లో బాణసంచా నిప్పురవ్వలు మైకేల్ జాక్సన్ జుట్టుకు అంటుకున్నాయి. ఆయన ఆ సంగతి తెలియక కొన్ని క్షణాలు డాన్స్ చేస్తూనే ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చి ఆర్పారు. అప్పటికే తల చర్మం కాలింది. అందుకే మా ల్యాబ్‌లో ఇప్పుడు పిల్లలను జంటలుగా నిలబెడుతున్నాను. ఒకరు ప్రయోగం చేస్తారు, ఇంకొకరు వాళ్ల తల, చేతుల వైపు ఒక కన్ను వేసి ఉంచుతారు.

మరి నూనె సంగతి? "కొబ్బరి నూనె రాస్తే జుట్టు భగ్గుమంటుంది" అని కొందరు, "నూనె రాస్తే అంటుకోదు" అని కొందరు పిల్లలు ఇంటి నుంచి విని వస్తారు. మన పూజగదిలోనే జవాబు ఉంది. ప్రమిదలో నూనెకు అగ్గిపుల్ల చూపిస్తే చప్పున వెలగదు. వత్తి ఉండాలి. నూనె తనంతట తాను ప్రమాదం కాదు గానీ, నూనె పట్టిన విరబోసిన జుట్టు ఒకసారి అంటుకుంటే వత్తిలాగే పనిచేస్తుంది. భయపడాల్సింది హెయిర్ స్ప్రేకు. అందులో ఆల్కహాల్, మండే వాయువులు ఉంటాయి. చల్లుకున్న వెంటనే నిప్పు దగ్గరికి వెళ్లకూడదు.

పెద్దల మాటలన్నీ తీసిపారేయమని నేను చెప్పను. "దీపాలు పెట్టాక తల దువ్వుకోకూడదు", "జుట్టు విరబోసుకుని పొయ్యి దగ్గరికి రాకు" అని మా అమ్మమ్మ రోజూ అనేది. కిరసనాయిలు బుడ్డి, కట్టెల పొయ్యి ఉన్న ఇంట్లో అవి పనికొచ్చే మాటలే. కానీ కారణం చెప్పకుండా "లక్ష్మి వెళ్లిపోతుంది" అని మాత్రమే చెబితే, పిల్లలు పెద్దయ్యాక మాటతో పాటు జాగ్రత్తనూ వదిలేస్తారు. ఏదైనా జరిగితే అరిష్టం అంటూ దెబ్బ తిన్న పిల్లనే తప్పుబడతాం. పాత రోమన్ కథల్లో సెర్వియస్ టుల్లియస్ అనే పిల్లవాడు నిద్రపోతుంటే తల చుట్టూ మంటలు లేచాయట. పనివాళ్లు నీళ్లు తెస్తే రాణి ఆపిందట, వాడు రాజవుతాడనడానికి అది గుర్తు అని. వాళ్లకు శుభం, మనకు అశుభం. మంట ఒకటే. కథలో నీళ్లు ఆపితే బాగుంటుంది, క్లాసులో ఆపితే ప్రాణం మీదికొస్తుంది.

మీతో ఖచ్చితంగా చెప్పదలుచుకున్నది ఇది: పిల్లలను నిప్పుకు దూరంగా ఉంచడం రక్షణ కాదు. దహనం, జ్వాల పాఠం మీద ఆబ్జెక్టివ్ టెస్టులో పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లలు మా దగ్గర చాలామంది ఉన్నారు. జ్వలన ఉష్ణోగ్రత నిర్వచనం నిద్రలో అడిగినా చెబుతారు. అగ్గిపుల్ల గీయమంటే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ప్రయోగం వీడియోలో చూపించి రికార్డు రాయిస్తే ఎవరి జుట్టూ కాలదు, నిజమే. కానీ రేపు హాస్టల్ గదిలోనో, వంటింట్లోనో నిప్పు ఎదురైనప్పుడు వాళ్లకు వీడియో గుర్తు రాదు. ఈ మాట మీకు ఎంత చెబుతున్నానో మా టీచర్లకూ అంతే చెబుతున్నాను.

మీ ఇళ్లలో, మా స్టేజీ మీద మారాల్సినవి కూడా రెండున్నాయి. ఒకటి, పుట్టినరోజులు. వెలుగుతున్న క్యాండిల్ ముందు పిల్లల తల మీద స్నో స్ప్రే కొడుతున్నారు. ఆ డబ్బాల్లో చాలావాటిలో నురగను బయటికి తోసేవి మండే వాయువులే. హైడ్రోజన్ నింపిన బెలూన్లు కూడా అంతే. క్యాండిల్ ఉంటే స్ప్రే వద్దు, స్ప్రే ఉంటే క్యాండిల్ వద్దు. రెండు, యాన్యువల్ డే. దీపాల పళ్లేలతో డాన్స్ చేయిస్తాం, పిల్లలకు సవరాలు పెడతాం. దుకాణాల్లో దొరికే సవరాలు చాలావరకు సింథటిక్. అవి కాలితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఈ ఏడాది బ్యాటరీ దీపాలు వాడదామని నా సూచన. ఫొటోలో అంత అందం రాకపోవచ్చు, ఫరవాలేదు.

అనుకోకుండా జుట్టు అంటుకుంటే ఏం చేయాలో పిల్లలకు ఇంట్లో ఒకసారి చేసి చూపించండి. పరుగెత్తకూడదు, పరుగెత్తితే మంటకు గాలి అందుతుంది. మంట నుంచి పక్కకు జరగాలి. దగ్గర ఏ నీళ్లుంటే అవి పోయాలి, లేదా తడి నూలు తువ్వాలు కప్పాలి. సింథటిక్ చున్నీ కప్పకూడదు. చర్మం కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి. టూత్‌పేస్ట్, సిరా, ఐస్ ఏవీ వద్దు. మొహం, తల కాలితే చిన్నదే అనుకోకుండా డాక్టరుకు చూపించాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. అక్కడ నిలబడి ఫోన్‌లో వీడియో తీయకూడదని కూడా చెప్పండి. గడ్డం కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు అని మన సామెత. ఇప్పుడు చుట్ట బదులు ఫోన్ వచ్చింది.

ఇక డైరీ ప్రశ్నలకు జవాబు. అమ్మా, పోనీటెయిల్ సరిపోదు. వంగితే ముందుకు జారుతుంది, నేను కళ్లారా చూశాను. బస్సు టైంకు జడ వేసి పంపండి చాలు. పైకి మడిచి పిన్ను పెట్టే పని మేం చూసుకుంటాం. ల్యాబ్ తలుపు దగ్గర నా టేబుల్ మీద క్లిప్పులు, రబ్బరు బ్యాండ్ల డబ్బా పెట్టాను. రూల్ ఆడపిల్లలకే కాదు. కళ్ల మీదికి క్రాఫ్ వేలాడే మగపిల్లలు కూడా ఆ డబ్బాలోంచి క్లిప్పు తీసుకోవాల్సిందే. మొదటి రోజు నవ్వుకున్నారు. రెండో వారానికి ఒక అబ్బాయి ఇంటి నుంచే సొంత క్లిప్పు తెచ్చుకున్నాడు.

ఎప్పుడైనా ఎవరి జుట్టు కొస అయినా కాలితే, ఆ సాయంత్రం పాపను గానీ బాబును గానీ తిట్టకండి. దిష్టి తీస్తే తీయండి. మర్నాడు మాత్రం ల్యాబ్‌కు పంపండి.