వెయ్యి డాలర్ల గాలం



గత నెలలో మాకు ఒకే ఇంటి నుంచి రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది రాసినవారు కోనసీమలో ఒక గ్రామ సంఘపు పెద్ద, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు. వారి అబ్బాయి అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. చేపలు పట్టడానికి వెయ్యి డాలర్లు పోసి ఒక కర్ర కొన్నాడట. దానికి తగిలించే చక్రం, దారం, ఏట్లో దిగడానికి తడవని లాగు, బూట్లు కలిపి మొత్తం 1,800 డాలర్లయ్యాయట. "మన డబ్బులో లక్షన్నర దాటింది. ఇంతా చేసి పట్టిన చేపను మళ్ళీ ఏట్లోనే వదిలేస్తాడట! నేను అర్ధ రూపాయి గాలంతో ఇంటిల్లిపాదికీ కూర తెచ్చినవాడిని. ఇది వ్యర్థమని మీరు పత్రికలో రాయండి. ఆ పేజీ కత్తిరించి వాడికి పంపుతాను" అని మాస్టారు రాశారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న ప్రభువు మాటను (లూకా 14) కూడా గుర్తు చేశారు. రెండు నెలలుగా కొడుకు ఫోన్ చేస్తే వారు అందుకోవడం లేదు. వసారాలోకి వెళ్ళి కూర్చుంటున్నారు.

రెండో ఉత్తరం వారి భార్యది. దాని సంగతి తరువాత చెప్తాం. ముందు మాస్టారు అడిగిన లెక్కే చూద్దాం.

ఈ రకం వేటను అక్కడ ఫ్లై ఫిషింగ్ అంటారు. ఫ్లై అంటే ఈగ. మనం కాలువ గట్టున కూర్చుని వేసే గాలానికి వానపాము గుచ్చుతాం, బెండు కడతాం, చిన్న సీసపు గుండు తగిలిస్తాం. విసిరినప్పుడు ఆ గుండు బరువే తంగూసును లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగులో గుండూ లేదు, వానపామూ లేదు. చిన్న కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి ఈగలా, పురుగులా తయారు చేస్తారు. దానికి బరువే ఉండదు. ఒక ఈకను పట్టుకుని ఏటి అవతలికి విసరమంటే ఎవరు విసరగలరు? అందుకని బరువంతా దారంలోనే పెడతారు. ఎద్దులబండి తోలేవారు చర్నాకోల ఝుళిపించడం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. కర్ర చర్నాకోల పిడి, లావైన దారం దాని వారు. కర్ర వంగి, మళ్ళీ నిటారుగా లేచేటప్పుడు దారం గాలిలో సాగి, చివరనున్న ఈకను తీసుకుపోయి నీటి మీద మెత్తగా దించుతుంది. దారాలకు బరువును బట్టి నంబర్లుంటాయి. ఏళ్ళలోని ట్రౌట్ చేపకు ఎక్కువమంది వాడేది అయిదో నంబరు. దాని మొదటి 30 అడుగులు తూస్తే సుమారు 9 గ్రాములు. ఆ నంబరుకు సరిపడే కర్రే వాడాలి.

డెన్వర్‌లో కూతురి దగ్గర రెండు వేసవులు గడిపి వచ్చిన మా సంఘ సహోదరుడొకరు దీన్ని చేతితో చేసి చూపించారు. మొదటి ఉదయమంతా తాను పట్టినవి ఒక చెట్టుకొమ్మ, తన టోపీ, అల్లుడి చొక్కా కాలరు అని నవ్వుతూ చెప్పారు. అల్లుడు ఆయన చేతికిచ్చింది తన ఖరీదైన కర్రనే.

మరి ఆ వెయ్యి డాలర్లు ఎందుకు? పూర్వం మేలైన కర్రలను వెదురుతోనే చేసేవారు. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పెరిగే ఒక వెదురును చీల్చి, ఆరు బద్దలను అతికించి చేసేవారు. 1950లో అమెరికా చైనా సరుకును ఆపేసింది. అప్పటికే గాజు నార కర్రలు వస్తున్నాయి, అవే నిలిచాయి. 1973లో ఫెన్విక్ అనే కంపెనీ కార్బన్ నార కర్రను తెచ్చింది. అప్పటినుంచి ఏటికేడాది ఇంకా తేలిక, ఇంకా గట్టి అంటూ ధర పెరుగుతూ వస్తోంది. ఇప్పుడు పేరున్న కంపెనీల మేలు రకం కర్ర ఒక్కటే వెయ్యి డాలర్లు దాటుతోంది. కర్ర, చక్రం, దారం కలిపి 200 డాలర్లకు అటూ ఇటూగా వచ్చే సెట్లు కూడా అదే దుకాణంలో ఉంటాయి.

ఖరీదైన కర్ర కొన్ని గ్రాములు తేలిక. ఎదురుగాలిలో దారాన్ని దూరంగా, గురిగా పంపుతుంది. విరిగితే కంపెనీవారు ఏళ్ళ తరబడి బాగుచేసి ఇస్తారు, ఆ ఖర్చును ముందే ధరలో కలుపుకుంటారనుకోండి. అంతవరకు నిజమే. కానీ చిన్న ఏళ్ళలో ట్రౌట్ తరచు 30 అడుగుల లోపే దొరుకుతుంది. అంత దగ్గరకు ఆ బలం అక్కరలేదు. పైగా బిగువైన కర్ర కొత్తవాడి చేతిలో మొండికేస్తుంది. కాస్త మెత్తగా వంగేదైతే దారం బరువు చేతికి తెలిసి త్వరగా నేర్చుకుంటాడు. చక్రం మాటా అంతే. ట్రౌట్‌కు అది దారం చుట్టి ఉంచే కండె మాత్రమే. సముద్రపు చేపలకు, పెద్ద సాల్మన్లకు అయితే వేరు. అవి వంద గజాలు లాక్కుపోతాయి, ఉప్పునీరు చవక చక్రాన్ని తినేస్తుంది. అక్కడ డబ్బు పెట్టడంలో అర్థముంది. కొలరాడోలో సముద్రం లేదు.

కాబట్టి మాస్టారూ, కర్ర ధర విషయంలో మేము మీ పక్షమే. నేర్చుకునేవాడికి వెయ్యి డాలర్ల కర్ర ఎక్కువే. డబ్బు పెట్టాలంటే మంచి దారానికి, నాచురాళ్ళ మీద జారని బూట్లకు, నీటి మీది మెరుపును తగ్గించే కళ్ళద్దాలకు పెట్టాలి. మిగిలినది నేర్పేవాడికి రెండు పూటల కూలిగా ఇస్తే ఇంకా మేలు.

ఈ వేట ఖరీదు లేకుండానే మొదలైంది. క్రీ.శ. 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమా రచయిత మాసిదోనియలో ఒక ఏటి దగ్గర ఇలా చేపలు పట్టేవారని రాశాడు. ఆ ఏరు బెరయకు, థెస్సలొనీకకు మధ్యన పారుతుందట! అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో పౌలు, సీలలు రాత్రివేళ ప్రయాణం చేసింది ఆ రెండు ఊళ్ళ మధ్యనే. కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు రెండు కట్టేవారు. ఆరడుగుల కర్ర, ఆరడుగుల దారం, చక్రమే లేదు. 1653లో ఇంగ్లండులో ఐజాక్ వాల్టన్ చేపల వేట మీద 'ది కంప్లీట్ యాంగ్లర్' రాసేనాటికి కూడా దారమంటే గుర్రపు తోక వెంట్రుకలు పేనినదే. ఈ వాల్టన్ లండనులో వర్తకుడు, భక్తిపరుడు. జాన్ డన్, జార్జ్ హెర్బర్ట్ అనే భక్త కవుల జీవిత చరిత్రలు రాసింది కూడా ఆయనే. జపానులో కొండల్లోని జాలరులు చక్రం లేని కర్రతోనే ఇప్పటికీ ఇలా పడతారు. 2009 నుంచి ఆ పద్ధతి అమెరికాలో కూడా అమ్మకానికి వచ్చింది. ఖరీదు పెరిగి పెరిగి మళ్ళీ ఉత్త కర్ర దగ్గరకే కొందరు వచ్చారన్నమాట.

చేపను వదిలేయడం గురించి కూడా మాస్టారు కోపంగా రాశారు. అక్కడ పెద్దవారెవరైనా లైసెన్సు లేకుండా గాలం వేయకూడదు. చాలా ఏళ్ళలో కొన్ని రకాలను తప్పనిసరిగా వదలాలని నియమం. ట్రౌట్ చల్లని నీటిలోనే బతుకుతుంది. పట్టినవారందరూ ఇంటికి తీసుకుపోతే ఏరు ఖాళీ అవుతుంది. మన దేశంలో మహసీర్ చేపను పట్టేవారు కూడా వదిలేస్తారు. కారణం అర్థమైంది గాని, తినని ప్రాణిని కొక్కేనికి తగిలించి ఆడించడం మాకూ పూర్తిగా మింగుడు పడలేదని ఒప్పుకోవాలి. పేతురు గాలం వేసి పట్టిన చేప (మత్తయి 17) పన్నుకు అక్కరకు వచ్చింది!

ఇక రెండో ఉత్తరం. అమ్మగారు రాసిన సంగతిని మాస్టారికి చెప్పకుండా అచ్చు వేయలేమని మేము ఫోన్ చేశాం. చెప్పానని, ఇద్దరికీ సమ్మతమేనని వారం తరువాత ఆమే తిరిగి చేశారు.

2023లో అబ్బాయి ఉద్యోగం పోయింది. అతనిది హెచ్-1బి వీసా. ఉద్యోగం పోతే 60 రోజులలో మరొకటి చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. ఇంట్లో తల్లిదండ్రులకు చెప్పలేదు. నెలనెలా పంపే డబ్బు ఆపలేదు. చెల్లెలి పెళ్ళి అప్పు వాయిదా కూడా ఆగలేదు. రాత్రులు నిద్రపోయేవాడు కాదని, భోజనం ముందు కూర్చుని గోడ చూసేవాడని కోడలు ఈ మధ్యనే అత్తగారికి చెప్పింది. అప్పుడు వారి సంఘంలోని ఒక ముసలాయన, వద్దన్నా వినకుండా, తన పాత గాజు నార కర్ర ఒకటి చేతికిచ్చి ఏటికి తీసుకుపోయాడట. ఆయన ఉద్యోగం గురించి ఒక్క మాటా అడగలేదట. మొదటి చేప ఆ పాత కర్రకే పడింది. ఎనిమిదో వారంలో ఉద్యోగం దొరికింది. ఆ తరువాత ఏడాదిన్నర కూడబెట్టి తనకంటూ కొనుక్కున్నది ఈ కర్ర. "పదేళ్ళలో వాడు తనకోసం కొనుక్కున్న వస్తువు నాకు తెలిసి ఇదొక్కటే" అని ఆమె రాశారు. కార్డు మీద అప్పు చేశాడా అని మేము ప్రత్యేకంగా అడిగించాం, ఎందుకంటే అక్కడి కార్డు వడ్డీ ఏడాదికి నూటికి ఇరవై దాటుతుంది. లేదు, రొక్కమే. ఏటికి వెళ్ళేది శనివారం, ఆదివారం ఆరాధనకే అని కూడా ఆమె రాశారు. ఇంకో సంగతి, మొన్న ఆగస్టులో మాస్టారు ఒక పులసకు ఎంత పెట్టారో కూడా ఆమె రాశారు. ఆ అంకె ఇక్కడ వేయడం లేదు. పుస్తెలమ్మి పులస తినమనే సీమలో ఉండి మేము మాత్రం ఏమంటాం!

ఈ సంగతులు విన్న రాత్రి మాస్టారు భోజనం చేయలేదట.

అమెరికాలో మోంటానా రాష్ట్రంలో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరుగారు తన ఇద్దరు కొడుకులకు ఈ వేట నేర్పారు. సంగీతానికి తాళం చూపే యంత్రాన్ని పెట్టి లెక్కతో నేర్పారట. పెద్దవాడు నార్మన్ మెక్లీన్ 1976లో 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్' అనే కథ రాశాడు, 1992లో అది సినిమాగా కూడా వచ్చింది. చిన్నవాడు దారి తప్పాడు, చివరకు హత్యకు గురయ్యాడు. అతనికి సాయం చేయాలని తండ్రికీ అన్నకూ ఉంది, ఎలా చేయాలో తెలియలేదు. ఏటి దగ్గర ఉన్నప్పుడు మాత్రం ముగ్గురూ కలిసి ఉండేవారు. ఆ కథ మాకు ఈ రెండు ఉత్తరాలు చదువుతుంటే పదే పదే గుర్తుకొచ్చింది.

మాస్టారూ, లూకాలో ప్రభువు లెక్క చూసుకోమన్నది గోపురం కట్టేవాణ్ణి. మీ అబ్బాయి ఆ లెక్క చూసుకున్నాడు, కొంచెం ఎక్కువ ఇచ్చాడు, అంతే. మీరు రోజూ లెక్క వేస్తున్న 1,800 డాలర్లలో ఆ ఎనిమిది వారాలు లేవు. వాడికి ఆరేళ్ళప్పుడు కాలువ గట్టున మీ పక్కన కూర్చోబెట్టుకుని బెండు కదలడం చూపించింది మీరేనని అమ్మగారు రాశారు. ఆ వెదురు కర్ర ఇంకా వంటింటి చూరులోనే ఉందట.

మీరు అడిగిన పేజీ ఇదే. కత్తిరించి పంపడం మీ ఇష్టం. పంపేటట్లయితే అంచున మీ చేతివ్రాతతో ఒక్క ప్రశ్న రాయండి: కొరమీను ఈకల ఎరకు వస్తుందా అని. కప్పలా కడితే వస్తుందని మా డెన్వర్ సహోదరుడు అంటున్నారు. అబ్బాయి ఈ డిసెంబరులో క్రిస్మస్‌కు వస్తున్నాడట.