ఒళ్ళు చేస్తే మురిసిపోవద్దు



మొన్న ఓ.పీ.లో ఒక పెద్దమ్మను చూసి పక్కన కూర్చున్న బంధువు, "బాగా ఒళ్ళు చేసినావే వదినా, కొడుకు బాగా చూసుకుంటున్నట్టుండాడు" అని మెచ్చుకుంది. ఆమె మురిసిపోయింది. ఏటా సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, దినమంతా ఎండలో వంగి పని చేసిన మనిషి ఆమె. కొడుకు బెంగళూరులో పనికి కుదిరాక సుగ్గి మానేసింది. రెండేళ్ళలో బి.పి. వచ్చింది. ఆ రోజు షుగరు కూడా బయటపడింది.

సుగ్గి మానడం తప్పని నేననను. అన్నేళ్ళు కష్టపడిన ఒంటికి విశ్రాంతి కావలసిందే. నా బాధంతా ఆ మెచ్చుకోలు గురించే. లావు కావడాన్ని మనం ఇంకా కలిమి కింద లెక్క వేస్తున్నాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 36 మంది స్త్రీలు ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ లెక్క 24. అదే సర్వేలో మన స్త్రీలలో నూటికి 15 మంది మరీ బక్కగా ఉన్నారు. ఒకే ఇంట్లో కోడలు రక్తం లేక, అత్త బరువు ఎక్కువై మా దగ్గరకు రావడం మాకు కొత్త కాదు.

కూర్చుండిపోవడంలో కొన్ని ఇరుగు పొరుగు దేశాలు మనకంటే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు సగం మందికి చాలినంత శ్రమ లేదు. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం. పాకిస్తాన్ కూడా ఇంచుమించు మనలాంటిదే. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్ స్త్రీలు మాత్రం మనవాళ్ళకన్నా చురుకుగా ఉన్నారు.

"ఇంటి చాకిరీ చేస్తూనే ఉన్నాం కదా సిస్టరమ్మా" అంటారు. నిజమే. కానీ రోలు పోయి మిక్సీ వచ్చింది, నీళ్ళు చాలామందికి ఇంటి ముందుకే వచ్చాయి. ఇవి రావడం మంచిదే, మళ్ళీ బిందె మోయమని ఎవరు చెబుతారు? తిండీ మారింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక జొన్నరొట్టె, కొర్రన్నం పక్కకు జరిగాయి. పొలం పని మానినా పళ్ళెంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు.

నా సంగతీ చెప్పాలి. వార్డులో తిరిగినన్నాళ్ళూ సన్నగానే ఉన్నాను. సూపరింటెండెంట్ కుర్చీ ఎక్కాక నడుము కొలత పెరిగింది. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. నేను దాటాను.

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. మన ఊళ్ళో ఆడమనిషి సాయంత్రం ఊరికే నడవబోతే "యాడికి పోతున్నావు?" అని వీధంతా అడుగుతుంది. మగవాళ్ళకు ఆ ప్రశ్న లేదు. అందుకే నేను సాయంత్రం అయిదున్నరకు ఆస్పత్రి ఆవరణలోనే నడుస్తున్నాను. మీరూ రండి. చెప్పులు గట్టివి వేసుకోండి, ప్రసూతి వార్డు వెనక కంకర ఎక్కువ.